స్వాప్ పెంచితే పీసీ ఫాస్ట్ అవుతుందా? అసలు లెక్క ఇదీ

ఈ ఎపిసోడ్ డెస్క్‌టాప్ గురించే, కానీ ముందు మీ చేతిలో ఉన్న ఫోన్ నుంచి మొదలుపెడదాం. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ర్యామ్ ఎంత ఉందో చూడండి. చాలా ఫోన్లలో "4 జీబీ ప్లస్ 4 జీబీ" అనో, "8 ప్లస్ 8" అనో కనిపిస్తుంది. ఆ ప్లస్ తర్వాత ఉన్నది ర్యామ్ కాదు. మీ ఫోటోలు, వీడియోలు దాచుకునే స్టోరేజీలోంచి కొంత ముక్క తీసి, దానికి "వర్చువల్ ర్యామ్" అని పేరు పెట్టారు. కంప్యూటర్ భాషలో దాన్నే స్వాప్ అంటారు.

అదే స్వాప్ మీ ఇంట్లో మూలనున్న పాత డెస్క్‌టాప్‌లో కూడా ఉంది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్న సిస్టం అనుకోండి. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే మౌస్ కూడా కదలదు. సీపీయూ డబ్బా మీద ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతూ ఉంటుంది, లోపల్నుంచి గర్ గర్ మని సౌండు. అప్పుడు ఎవరో ఒకరు చెబుతారు, "స్వాప్ సైజు పెంచు, సెట్ అయిపోతుంది" అని. 2 జీబీ ఉన్నదాన్ని 8 జీబీ చేస్తారు. సిస్టం మాత్రం అలాగే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు బిగుసుకుపోతుంది. ఎందుకలా? దాన్ని ఎలా సరిచేయాలి? డబ్బు ఖర్చు లేకుండా ఎంతవరకు సరిచేయొచ్చు? ఇవాళ ఇదే మాట్లాడుకుందాం.

స్వాప్ అంటే అటక

మన వంటింటినే తీసుకుందాం. స్టవ్ పక్కన గట్టు ఉంటుంది కదా, అది ర్యామ్. చెయ్యి చాపితే అందుతుంది. పైన అటక ఉంటుంది, అది స్వాప్. గట్టు మీద చోటు చాలనప్పుడు, రోజూ వాడని గంగాళం, పెద్ద గిన్నెలు అటక మీద పెట్టేస్తాం. పండక్కి ఒకసారి దించుకుంటాం. దీంట్లో తప్పేమీ లేదు, మంచి ఏర్పాటే.

కానీ గట్టు మరీ చిన్నదై, పోపు డబ్బా కూడా అటక మీదకి పోయిందనుకోండి. కూర చేస్తూ ప్రతి రెండు నిమిషాలకీ స్టూలు వేసుకుని ఎక్కాలి, దించాలి, దాని బదులు ఇంకోటి పైన పెట్టాలి. వంట ఆగిపోతుంది, ఎక్కడం దిగడమే పని అవుతుంది. ఇప్పుడు అటకని రెండింతలు పెద్దది చేస్తే వంట తొందరగా అవుతుందా? అవ్వదు కదా. స్వాప్ సైజు పెంచడం అంటే అదే.

ఈ ఐడియా ఇవాళ్టిది కాదు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ యూనివర్సిటీలో 1962లో మొదలైన అట్లాస్ అనే కంప్యూటర్‌లోనే ఇది ఉంది. చిన్న వేగవంతమైన మెమరీ, పక్కన పెద్ద నెమ్మది డ్రమ్ము, రెండూ కలిపి ప్రోగ్రాంకి ఒకే మెమరీలా కనిపించేలా చేశారు. ఎక్కడం దిగడమే పనైపోయే జబ్బుకి కూడా అప్పటినుంచే పేరుంది, థ్రాషింగ్ అంటారు. పీటర్ డెన్నింగ్ అనే శాస్త్రవేత్త 1968లోనే దీని కారణాలు, నివారణ రాశారు. ఆయన చెప్పింది సింపుల్‌గా చెప్పాలంటే, ఒక ప్రోగ్రాం ఈ క్షణాన నిజంగా వాడుతున్న సరుకంతా ర్యామ్‌లో పట్టాలి. పట్టకపోతే ఇక మిగతావేం చేసినా లాభం తక్కువ.

ఎంత స్లో? అంకెల్లో చూద్దాం

ర్యామ్ నుంచి ఒక ముక్క తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి అయితే సుమారు 100 మైక్రోసెకన్లు. తిరిగే హార్డ్ డిస్క్ నుంచి అయితే 10 మిల్లీసెకన్లు, లేదా ఇంకాస్త ఎక్కువ. ఈ నానోలు, మైక్రోలు మన బుర్రకి ఎక్కవు. అందుకని ర్యామ్‌కి పట్టే టైముని 1 సెకను అనుకుందాం. అప్పుడు ఎస్‌ఎస్‌డీకి దాదాపు 17 నిమిషాలు. హార్డ్ డిస్క్‌కి దాదాపు 28 గంటలు! ఒక్క పోపు డబ్బా దించడానికి ఒక రోజు దాటిపోతోందన్నమాట.

హార్డ్ డిస్క్ ఎందుకంత స్లో అంటే, అందులో నిజంగానే ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక చుట్టుకి 8 మిల్లీసెకన్లకి పైనే పడుతుంది. చదివే ముల్లు సరైన చోటికి జరగాలి, కావాల్సిన భాగం దాని కిందకి తిరిగి రావాలి. అందుకే చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకి మహా అయితే ఓ వంద తీయగలదు.

మెమరీని కంప్యూటర్ 4 కేబీ ముక్కలుగా చూస్తుంది, ఒక్కో ముక్కని పేజీ అంటారు. మీ బ్రౌజర్ తాలూకు 400 ఎంబీ స్వాప్‌లోకి పోయిందనుకుందాం. అంటే లక్షకి పైగా పేజీలు. ఒక్కొక్కటీ విడిగా తేవాలంటే, సెకనుకి వంద చొప్పున 17 నిమిషాలు. లైనక్స్ కాస్త తెలివిగా ఒకేసారి 8 పేజీలు తెస్తుంది. అవన్నీ పనికొచ్చాయనే అనుకున్నా రెండు నిమిషాలు దాటుతుంది. మీరు ట్యాబ్ మీద క్లిక్ చేసి, అది హ్యాంగ్ అయిందని తిట్టుకునే ఆ రెండు నిమిషాలు ఇవే.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. స్వాప్‌లో ఎంత ఉంది అన్నది సమస్య కాదు. ఎన్నిసార్లు ఎక్కుతున్నాం, దిగుతున్నాం అన్నదే సమస్య. ఇప్పుడు చెప్పబోయేవన్నీ ఆ ట్రిప్పులు తగ్గించడానికీ, లేదా ఒక్కో ట్రిప్పు దూరం తగ్గించడానికీ.

ముందు కొలవండి

మందు వేసేముందు జ్వరం చూస్తాం కదా, అలాగన్నమాట. ఉబుంటు లాంటి లైనక్స్ వాడేవాళ్లు టెర్మినల్ తెరిచి, వీఎంస్టాట్ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, 1 కొట్టండి. సెకనుకో లైను వస్తూ ఉంటుంది. అందులో ఎస్‌ఐ, ఎస్‌ఓ అని రెండు నిలువు వరసలు ఉంటాయి. ఎస్‌ఐ అంటే అటక మీంచి దిగుతున్నది, ఎస్‌ఓ అంటే పైకి ఎక్కుతున్నది. మొదటి లైను వదిలేయండి, అది సిస్టం ఆన్ చేసినప్పటినుంచి తీసిన సగటు.

మీ మామూలు పని చేస్తూ చూడండి. రెండూ ఎక్కువగా సున్నాలే ఉంటే, స్వాప్‌లో 600 ఎంబీ ఉందని కనిపించినా కంగారు అక్కర్లేదు. అది పండగ గంగాళం, పైనే ఉండనివ్వండి. మీ సిస్టం స్లోకి కారణం వేరే ఎక్కడో ఉంది. కానీ రెండు వరసల్లోనూ వందలు, వేలు ఆగకుండా కదులుతుంటే మాత్రం అది థ్రాషింగే.

విండోస్ వాళ్లు రిసోర్స్ మానిటర్ తెరిచి, మెమరీ ట్యాబ్‌లో "హార్డ్ ఫాల్ట్స్" గ్రాఫ్ చూడండి. అప్పుడప్పుడూ లేచి పడితే మామూలే. పైనే ఉండిపోతే ర్యామ్ చాలట్లేదని అర్థం.

ఫోన్‌లో ఉన్న ట్రిక్కే పీసీకి: జెడ్‌ర్యామ్

ఇప్పుడు అసలు మజా. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో వర్చువల్ ర్యామ్ కాకుండా ఇంకో ఏర్పాటు చాలా ఏళ్ల నుంచి నిశ్శబ్దంగా పనిచేస్తోంది. 2013లో కిట్‌క్యాట్, అంటే ఆండ్రాయిడ్ 4.4 వచ్చినప్పుడు, 512 ఎంబీ ర్యామ్ ఉన్న ఫోన్లో కూడా నడవాలని గూగుల్ దీన్ని ముందుకు తెచ్చింది. దాని పేరు జెడ్‌ర్యామ్. నితిన్ గుప్తా అనే డెవలపర్ మొదలుపెట్టిన పని ఇది, 2014లో 3.14 వెర్షన్‌తో లైనక్స్ కెర్నల్‌లో పూర్తిస్థాయి భాగం అయ్యింది.

ఇది ఏం చేస్తుందంటే, సామాన్లు అటక మీద పెట్టడం మానేసి, గిన్నెలో గిన్నె దూర్చి గట్టు మీదే ఓ మూల సర్దుతుంది. అంటే ర్యామ్‌లోనే కొంత చోటు తీసుకుని, ఇప్పుడు వాడని పేజీల్ని కంప్రెస్ చేసి అక్కడ పెడుతుంది. మామూలుగా రెండు, మూడింతలు కుదించుకుపోతాయి. 2 జీబీ సరుకు 700 ఎంబీ నుంచి 1 జీబీలో పడుతుంది. అంటే 4 జీబీ మెషీన్‌కి ఇంకో జీబీ దాకా కలిసొచ్చినట్టే. తిరిగి తీయడానికి ప్రాసెసర్‌కి కొన్ని మైక్రోసెకన్లు చాలు. ఇందాకటి లెక్కలో చెప్పాలంటే, 28 గంటల పని అరనిమిషం, నిమిషంలోకి వచ్చేసింది.

ఇందుకే ఫెడోరా అనే లైనక్స్ 2020లో, 33వ వెర్షన్ నుంచి దీన్నే డిఫాల్ట్ స్వాప్‌గా చేసింది. విండోస్ 10లోనూ, 2013 నుంచి మ్యాక్‌లోనూ ఇలాంటి మెమరీ కంప్రెషన్ లోపలే ఉంది. ఉబుంటులో మనం పెట్టుకోవాలి. ఎలా అంటే:

మొదటిది, టెర్మినల్‌లో సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ జెడ్‌ర్యామ్ హైఫన్ టూల్స్ అని కొట్టండి.

రెండోది, ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే ఫోల్డర్, అందులో జెడ్‌ర్యామ్‌స్వాప్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని సుడోతో తెరవండి. "పర్సెంట్" అనే లైను ముందు హ్యాష్ గుర్తు ఉంటే తీసేసి, 50 అని పెట్టండి. అంటే ర్యామ్‌లో సగం సైజు జెడ్‌ర్యామ్. "ఆల్గో" దగ్గర ఎల్‌జెడ్4 ఉంచండి, పాత ప్రాసెసర్లకి అది తేలిక.

మూడోది, సిస్టం రీస్టార్ట్ చేసి, స్వాప్‌ఆన్ డబుల్ హైఫన్ షో అని చూడండి. జెడ్‌ర్యామ్ పక్కన ప్రయారిటీ 100 అని, పాత స్వాప్ ఫైలు పక్కన మైనస్ అంకె అని కనిపించాలి. అంటే ముందు జెడ్‌ర్యామ్ వాడుతుంది, అది నిండాకే డిస్క్ దగ్గరకి పోతుంది. పాత స్వాప్ ఫైలుని తీసేయకండి, అది ఆఖరి ఆసరా. హైబర్నేట్ వాడేవాళ్లకి అయితే డిస్క్ మీద స్వాప్ తప్పనిసరి, ఎందుకంటే కరెంటు తీసేస్తే ర్యామ్‌లో ఏమీ మిగలదు.

స్వాపీనెస్ 60 అంటే 60 శాతం కాదు

నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే మాట, "స్వాపీనెస్ 60 అంటే ర్యామ్ 60 శాతం వాడాక స్వాప్ మొదలవుతుంది, 10 పెట్టేయండి." అది కరెక్ట్ కాదు. ర్యామ్‌లో రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి ప్రోగ్రాముల సొంత డేటా. రెండోది డిస్క్ మీద ఉన్న ఫైళ్ల కాపీలు. చోటు కావాల్సినప్పుడు దేన్ని ముందు ఖాళీ చేయాలి అనే మొగ్గునే స్వాపీనెస్ అంటారు. అంకె తక్కువైతే ఫైళ్ల కాపీల్ని ముందు పారేస్తుంది. ఎక్కువైతే ప్రోగ్రాం డేటాని స్వాప్‌కి పంపడానికి కూడా వెనకాడదు.

కాబట్టి అందరికీ ఒకే అంకె ఉండదు. స్వాప్ హార్డ్ డిస్క్ మీద మాత్రమే ఉంటే 10 లాంటి చిన్న అంకె సాయం చేయొచ్చు. కానీ జెడ్‌ర్యామ్ పెట్టాక లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు స్వాప్ డిస్క్ కన్నా ఎన్నో రెట్లు ఫాస్ట్, కాబట్టి దాన్నే ఎక్కువ వాడమనాలి. 2020 ఆగస్టులో వచ్చిన 5.8 కెర్నల్ నుంచి ఈ అంకె 200 దాకా పెట్టుకోవచ్చు. ఫైళ్లున్న డిస్క్ కన్నా స్వాప్ రెండింతలు వేగమైతే 133 పెట్టమని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉదాహరణ ఉంది. జెడ్‌ర్యామ్‌తో 100 నుంచి 180 మధ్య ప్రయత్నించి చూడండి.

సుడో సిస్‌సీటీఎల్ వీఎం డాట్ స్వాపీనెస్ ఈక్వల్ టు 150 అని కొడితే వెంటనే మారుతుంది, రీస్టార్ట్ చేస్తే పాతదే వస్తుంది. నచ్చితేనే పర్మనెంట్‌గా సిస్‌సీటీఎల్ డాట్ డి ఫోల్డర్‌లో ఫైలుగా రాసుకోండి. అలాగే ఇందాక 8 పేజీలు ఒకేసారి తెస్తుందన్నాను కదా, ఆ సెట్టింగు పేరు వీఎం డాట్ పేజ్ హైఫన్ క్లస్టర్. అది డిస్క్ కోసం పెట్టినది. జెడ్‌ర్యామ్‌కి అవసరం లేదు, 0 చేసేయొచ్చు.

ఒక నిజమైన కేసు

మా పెద్దమ్మ వాళ్లమ్మాయి డిగ్రీ ఫైనల్ ఇయర్. ప్రాజెక్ట్ రిపోర్టు పది రోజుల్లో ఇవ్వాలి. ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్, ఉబుంటు. "అన్నయ్యా, షాపులో చూపించాం, ఇది పని అయిపోయింది, కొత్త సిస్టం కొనుక్కోమన్నారు. నాన్నని ఇప్పుడు డబ్బులు అడగలేను" అని ఫోన్ చేసింది. వాళ్లింటికి వెళ్లి వీఎంస్టాట్ పెడితే రెండు వరసలూ వేలల్లో పరిగెడుతున్నాయి. బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు, పక్కన లిబ్రేఆఫీస్‌లో బొమ్మలతో నిండిన రిపోర్టు.

మొదట బ్రౌజర్‌లో మెమరీ సేవర్ ఆన్ చేశాం, ఎక్స్‌టెన్షన్లు నాలుగు తీసేశాం. తర్వాత పైన చెప్పిన జెడ్‌ర్యామ్, స్వాపీనెస్. అరగంట పని. అదే ఫైలు, పది పన్నెండు ట్యాబులతో మళ్లీ చూస్తే ఎస్‌ఐ, ఎస్‌ఓ అప్పుడప్పుడూ కదులుతున్నాయి, కానీ డిస్క్ లైటు మాత్రం చాలావరకు ఆరిపోయే ఉంది. వరసల్లో కదిలేది ఇప్పుడు జెడ్‌ర్యామ్‌లోకే కాబట్టి అది పర్లేదు. సిస్టం రాకెట్ అయిపోలేదు, పాతిక ట్యాబులు తెరిస్తే మళ్లీ మూలుగుతుంది. కానీ రిపోర్టు దాని మీదే పూర్తి చేసి ఇచ్చింది. రెండు నెలల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 4 జీబీ ర్యామ్ దొరికితే వేశాం. అప్పుడు ట్యాబుల గోల కూడా తగ్గింది.

డబ్బు పెట్టగలిగితే ఎక్కడ పెట్టాలి?

థ్రాషింగ్ ఉందని కొలిచి తేల్చుకుంటే, మొదటి ఖర్చు ర్యామే. అటక మెరుగుపరచడం కన్నా గట్టు పెంచడమే మేలు. కొనేముందు మీ బోర్డు డీడీఆర్3నా, డీడీఆర్4నా చూడండి. రెండింటి గాడి వేరే చోట ఉంటుంది, ఒకదాంట్లో ఇంకోటి దూరదు. సుడో డీఎంఐడీకోడ్ హైఫన్ టీ మెమరీ అని కొడితే రకం, ఖాళీ స్లాట్లు రెండూ తెలుస్తాయి. ఆ స్క్రీన్ ఫోటో తీసుకుని షాపుకి వెళ్లండి. హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ సీటీసీలో పాత ర్యామ్ అడిగి చూడొచ్చు, కాకపోతే అక్కడే పెట్టించి టెస్ట్ చేయించుకోండి.

రెండోది సాటా ఎస్‌ఎస్‌డీ. సిస్టం ఆన్ అవడం, యాప్స్ తెరుచుకోవడం కూడా మారిపోతాయి, స్వాప్ కూడా 28 గంటల నుంచి 17 నిమిషాలకి దిగుతుంది. కానీ చూశారుగా, అది ఇంకా 17 నిమిషాలే, 1 సెకను కాదు. పైగా ఎస్‌ఎస్‌డీలో ఎంత రాయొచ్చు అనేదానికి ఒక పరిమితి ఉంటుంది. మామూలు వాడకానికి భయం లేదు, కానీ రోజంతా థ్రాషింగ్ జరిగితే దాని ఆయుష్షు తింటున్నట్టే. విండోస్‌లో హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ రెండూ ఉంటే పేజ్ ఫైలుని ఎస్‌ఎస్‌డీ మీద పెట్టి, సైజు సంగతి విండోస్‌కే వదిలేయండి.

చేయకూడనివి మూడు

ఒకటి, పెన్‌డ్రైవ్‌ని స్వాప్‌గా వాడకండి. చిన్న చిన్న ముక్కలు రాయడంలో అది చాలా నెమ్మది, త్వరగా పాడవుతుంది, పొరపాటున లాగేస్తే అందులో ఉన్న ప్రోగ్రాములన్నీ పడిపోతాయి.

రెండు, "స్వాపే వద్దు" అని పూర్తిగా ఆఫ్ చేయకండి. అప్పుడు ప్రోగ్రాం డేటాని పంపడానికి చోటు లేక, సిస్టం ఫైళ్ల కాపీల్నే పారేస్తూ మళ్లీ చదువుతూ ఉంటుంది. ప్రోగ్రాం కోడ్ కూడా ఫైలే కదా. అదీ థ్రాషింగే, ఇంకో రూపంలో. చివరికి కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రాంని చంపేస్తుంది. ఉబుంటు 22.04 నుంచి మెమరీ ఒత్తిడి ఎక్కువైతే అలా ముందే మూసేసే సర్వీసు ఒకటి కూడా ఉంది. బ్రౌజర్ హఠాత్తుగా మాయమైతే ముందే వైరస్ అనుకోకండి, ఇది కావొచ్చు.

మూడు, "ర్యామ్ క్లీనర్", "బూస్టర్" యాప్స్ జోలికి పోకండి. అవి గట్టు మీద సరుకుని బలవంతంగా ఖాళీ చేస్తాయి, మీరు మళ్లీ అడగ్గానే సిస్టం మళ్లీ తెచ్చుకోవాలి. ఫోన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తా. ప్లస్ 4, ప్లస్ 8 ఉన్నంత మాత్రాన ఫోన్ ఫాస్ట్ కాదు. బ్యాక్‌గ్రౌండ్‌లో ఇంకో రెండు మూడు యాప్స్ మూసుకుపోకుండా ఉండొచ్చు, అంతే. ఆన్ చేశాక ఫోన్ తడబడుతున్నట్టు అనిపిస్తే ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి, రెండు రోజులు వాడి చూడండి. కొత్త ఫోన్ కొనేటప్పుడు మాత్రం ప్లస్‌కి ముందున్న అంకెనే చూడండి.

సరే, ఇంటికెళ్లి ఏ వరసలో చేయాలో ఒకసారి చెప్పుకుందాం. ముందు వీఎంస్టాట్‌తో కొలవండి. ట్యాబులు, ఎక్స్‌టెన్షన్లు తగ్గించండి. జెడ్‌ర్యామ్ పెట్టండి, దానికి తగ్గట్టు స్వాపీనెస్ మార్చండి. మళ్లీ కొలవండి. అప్పటికీ వేలల్లోనే పరిగెడుతుంటే ర్యామ్ కొనండి, ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీ. ఒకేసారి అన్నీ మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. కొత్త సిస్టం కొనమని ఎవరైనా అంటే, ముందు ఆ రెండు వరసలూ వాళ్లకి చూపించి, ఎందుకు కొనాలో అడగండి.

మీ ఇంట్లోనో, హాస్టల్ రూమ్‌లోనో ఇలాంటి పాత పీసీతో కుస్తీ పడుతున్నవాళ్లుంటే వాళ్లకి ఇది పంపించండి.